చాటల ముందు చదివిన దయ్యం నవల

మొన్న కరీంనగర్‌లో మా బిడ్డ ఇంట్లో, మనవరాలు ఫోన్ చూస్తూ మాటిమాటికీ ఉలిక్కిపడుతుంటే ఏమిటే అది అని అడిగాను. ఒక ఇంటిని పీడించే చిన్నపిల్ల కథ అమ్మమ్మా అని చెప్పి మళ్లీ అందులోనే మునిగిపోయింది. అది ఒక్కతే కూర్చుని భయపడుతుంటే నాకు చొప్పదండిలో మా ఇంటి వాకిలి గుర్తుకొచ్చింది.

మన ఈడు వాళ్లకు చెప్పనక్కరలేదు, మధ్యాహ్నం అయిందంటే వాడకట్టు ఆడవాళ్లంతా ఒళ్లో చాటలు పెట్టుకుని ఒక్కచోట చేరి బీడీలు చుట్టేవాళ్లు, చేతులు తునికాకు మీద, చెవులు నా మీద. బడికి పోయే నేనే వాళ్లకు పుస్తకం చదివి పెట్టేదాన్ని, అందుకు నా కూలీ వేయించిన పల్లీలు. ఒక ఎండాకాలం అద్దె పుస్తకాల దుకాణం నుంచి తెచ్చింది ఒక దయ్యం నవల. పాడుబడ్డ గడీలో, అంటే దొరల కోటలాంటి ఇంట్లో, ఒక కుటుంబం, వాళ్లకు మాటా పలుకూ లేని ఒక ఆడపిల్ల, అది ఎవరివైపు కన్నార్పకుండా చూస్తే వాళ్లు మంచం పట్టడం. భయమేసినప్పుడల్లా మావాళ్లు చుట్టడం ఆపి, దారం తెగిందని నెపం చెప్పేవాళ్లు.

చిక్కంతా మా చెల్లెతో వచ్చింది. నాలుగేళ్లు దాటినా దానికి మాట రాలేదు, ముట్టుకుంటే కరిచేది, తంబాకు చాటలు తన్నేసేది, గోడకేసి చూస్తూ తనలో తాను నవ్వుకునేది. నాకైతే అదంటే ప్రాణం, నా లంగా అంచు పట్టుకుంటే గాని నిద్రపోయేది కాదు. మా బాపమ్మకు, అంటే బాపు తల్లికి, అచ్చులో పడిందంటే అది జరిగిందే. నవల సాగేకొద్దీ అందులోని పిల్లనూ మా చెల్లెనూ ఒక్కటి చేసేసింది. బాపు దుబాయిలో ఉన్నాడు, ఇంట్లో ఆమె మాటే మాట. "గీ పోరిని ఇంట్ల ఉంచుకుంటే మనకు గూడ గదే గతి. పుస్తకం అయిపోనియ్యి, వాళ్లేం జేసిండ్రో మనం గూడ గదే జేద్దాం" అని మా అవ్వతో, అంటే అమ్మతో, తేల్చి చెప్పింది. ఆదిలాబాద్ అవతల అడవి పక్క ఊళ్లో ఉన్న మేనత్త దగ్గర చెల్లెను వదిలేయాలని ఆమె ఆలోచన. అవ్వ తల వంచుకుని బీడీలు చుట్టింది.

చివరి రోజు చదువుతూ చదువుతూ ఉంటే నా కళ్లు ముందే కిందికి పరుగెత్తాయి. తండ్రి పిల్లను అడవిలో వదిలి వస్తాడు, గడీ ప్రశాంతంగా ఉంటుంది. ఆపితే బాపమ్మ అనుమానిస్తుందని, పుస్తకంలోకే చూస్తూ నోటికొచ్చింది చదివాను. తల్లి అడవికి ఉరికింది, బిడ్డను ఎత్తుకుంది, ఆ పిల్ల మొదటిసారి అమ్మా అని పిలిచింది, మంచం పట్టిన వాళ్లంతా లేచి కూర్చున్నారు. వాకిలంతా ముక్కులు చీదుకుంది. బాపమ్మ కొంగుతో కళ్లు తుడుచుకుని, "ఇగ పిల్లను ఉండనియ్యిండ్రి" అంది. ఆదిలాబాద్ మాట మళ్లీ ఎత్తలేదు.

చెల్లెకు మాటలు ఆలస్యంగా వచ్చినా వడ్డీతో సహా వచ్చాయి. ఇప్పుడు సుల్తానాబాద్‌లో కోడళ్లకు సందు ఇవ్వదు.

చాలా ఏళ్లకు, అవ్వ చివరి రోజుల్లో నేను పక్కన కూర్చుని ఉంటే నవ్వుతూ అంది, "గా కథ నువ్వే అల్లినవని నాకు గప్పుడే ఎరుకనే. అంతసేపు సదివినవ్ గాని పేజి తిప్పలే."

అక్షరం ముక్క రాని మా అవ్వ నన్నే చూస్తూ కూర్చునేదన్నమాట. ఈరోజుల్లో మాట రాని పిల్లలకు డాక్టర్లున్నారు, మందులున్నాయి, మంచిదే. వాకిళ్లలో గుంపుగా కూర్చుని వినేవాళ్లే లేరు. ఎవరైనా అడిగితే నేను ఇంకా చదవగలను గాని, నా చేతి వంక అట్లా చూసి, తెలిసీ నోరు మెదపకుండా కూర్చునే మనిషి నాకు లేదు.