నీళ్ల కింది గడప

హెలికాప్టర్ మమ్మల్ని దింపిన చోట ఎర్రమట్టి తప్ప ఏమీ లేదు. ఆఫ్రికా. శాంతి దళం. నెత్తిన నీలం హెల్మెట్. నాకిచ్చిన బూట్లు ఒక సైజు తక్కువ. స్టోరు హవల్దారుకు రెండుసార్లు చెప్పాను. మార్చలేదు. ఎడమ బొటనవేలి గోరు ఇప్పటికీ సరిగ్గా పెరగదు.

ఏటి ఒడ్డున నీళ్ల పంపు దగ్గర డ్యూటీ, పొద్దున ఆరు నుంచి. ఆ పంపు మాకూ, పక్క క్యాంపులోని పాకిస్తాన్ బెటాలియన్‌కూ ఉమ్మడి. "ట్యాంకర్ వస్తోంది, గేటు తీయండి" అని రేడియోలో సెక్షన్ కమాండర్ అంటే తీయాలి. అంతే పని.

ఆ ట్యాంకర్ డ్రైవర్‌ది కరాచీ. నోరు విప్పితే మాత్రం మన హైదరాబాద్ ఉర్దూ. మాది ఎల్లారెడ్డి అనగానే కిందికి దిగాడు. వాళ్ల తాత నిజాం కొలువు చేసి, ఆ రాజ్యం పోయాక కుటుంబంతో వెళ్లిపోయాడట. ఇంట్లో గోడకు నిజాం ఫొటో ఇప్పటికీ ఉందట. ఉర్దూలో అన్నదాన్ని మన మాటల్లో రాస్తున్నాను.

"మా సర్కార్ మీ దిక్కు రైతుల కోసం సముద్రమే కట్టించిండంట గద."

"ఆ నిజాంసాగర్ నీళ్లల్లనే మా ముత్తాత ఇల్లు మునిగింది. కట్టకు మట్టి మోసింది గూడ ఆయననే. నీళ్లు బాన్సువాడకు, బోధన్‌కు పోతయి. మాకేమొచ్చింది?"

ఒక్క మంచి మాటైనా అంటాడని చూశాను. ట్యాంకరెక్కి వెళ్లిపోయాడు. తర్వాత ట్యాంకర్ వచ్చినప్పుడల్లా గేటు తీశాను, సలాముకు బదులివ్వలేదు.

మా తిరుగు ప్రయాణం ముందు అతనే వచ్చి నిలబడ్డాడు.

"మా దాదీకి ఫోన్ల చెప్పిన భాయ్. ఏడ్సింది. కట్ట గొప్పతనమే చెప్పుకుంటొచ్చినం, దాని నీళ్ల కింద ఇండ్లున్నయని ఎవరు చెప్పలే అన్నది. మునిగిన మీ ఊరి పేరు అడగమన్నది."

తుమ్మలగడ్డ అన్నాను. ఇన్నేళ్లలో ఒక్క ఆఫీసరూ అడగని పేరు. సరిగ్గా పలికేదాకా అతనితో అనిపించాను.

"ఆమెది కామారెడ్డి. స్టేషన్ ఎనుక ఇల్లుండెనంట. సచ్చేలోపల ఆ గడప ఒక్కసారి చూస్తనంటది. వీసా రాదు."

వచ్చేటప్పుడు కామారెడ్డిలో రైలు దిగి స్టేషన్ వెనక వెతికాను. అన్నీ కొత్త కాంప్లెక్సులు. ఎల్లారెడ్డి బస్సెక్కాను.

ఎండాకాలం నిజాంసాగర్‌లో నీళ్లు తగ్గితే తుమ్మలగడ్డ వాళ్లు తమ గడపరాళ్లు వెతుక్కుని పసుపు రాసి వస్తారు. ఆ ఏడు మా అవ్వతో నేనూ వెళ్లాను. నిజాం పేరెత్తితే మొహం తిప్పుకునే మనిషి. కరాచీ ముసలామె సంగతి చెప్పాను. మా గడపకు పసుపు రాసి బొట్టు పెట్టింది. దాని పక్కన ఇంకోటి పెట్టింది.

"ఆమె గడప ఆమెకు యాడ దొరుకుతది బిడ్డా. ఈడనే పెట్టిన."

స్టోరు హవల్దారును నేనింకా క్షమించలేదు. కానీ కళ్లు మూసుకుంటే కనబడేది ఆ బురద రాయి. దాని మీద పక్కపక్కనే రెండు బొట్లు.