ఓడిన ఆటలో వినయ్ చేతికి బంతి

ఇది రాయకుండా వదిలేద్దామనే అనుకున్నాను. బేస్‌బాల్ గురించి తెలుగులో ఎవరు చదువుతారు? కానీ టొరంటో నుంచి లండన్ వెళ్ళి ఆట చూడాలనుకునేవాళ్ళు ఒకరిద్దరైనా ఉంటారు, వాళ్ళకు దారైనా తెలుస్తుంది. ఇంగ్లండులోని లండన్ కాదు, ఒంటారియోలోది. దీనికీ థేమ్స్ అనే నది ఉంది, పేర్లు పెట్టినవాడికి ఇంటి మీద బెంగేమో.

నేను బయలుదేరింది మా మరదలి కొడుకు వినయ్ కోసం. ఇక్కడే, టొరంటో స్కార్‌బరోలో పుట్టాడు, ముప్ఫై మూడేళ్ళు. పదేళ్ళకు పైగా అమెరికాలో చిన్నాచితకా జట్లకు ఆడి, చివరికి లండన్ క్లబ్బులో జీతానికి కుదిరాడు. యుటిలిటీ ప్లేయర్ అంటారట. ఎవరికి దెబ్బ తగిలితే వాళ్ళ చోట నిలబడతాడు. గురువారం ఫోన్ చేశాడు.

"పెదనాన్నా, స్టేట్స్ నుంచి ఒక యంగ్ గై వస్తున్నాడు. టీమ్‌లో వాడో నేనో, ఒకళ్ళే. సండే చాన్స్ ఇస్తారేమో. వస్తావా?"

దీని కింద జీతమిచ్చే లీగు ఇంకోటి లేదట. అదీ వాడే చెప్పాడు, నవ్వుతూ. నేను వాడి ఆట అంతవరకూ ఒక్కటీ చూడలేదు.

ఆదివారం పొద్దున సబ్‌వే రైల్లో డౌన్‌టౌన్ చేరి, తొమ్మిదిన్నర బస్సు పట్టుకున్నాను. ముందుగా కొంటే టికెట్ నలభై డాలర్లలోపే. రెండున్నర గంటల ప్రయాణమన్నారు, హైవే మీద రిపేర్ల పుణ్యమా అని మూడయింది. దిగాక మైదానానికి పాతిక నిమిషాల నడక. నా మోకాళ్ళు ఒప్పుకోక ట్యాక్సీ పిలిచాను. డ్రైవర్ కరీంనగర్ కుర్రాడు, ఈ లండన్‌లోనే చదువుకుంటున్నాడు.

"బేస్‌బాలా అంకుల్! మనోళ్ళెవరూ పోరు గదా."

"మావాడు ఆడుతున్నాడు."

"అరే! ఏ పొజిషన్?"

"అన్నీ."

"ఆల్‌రౌండరా! మన దిక్కయితే వేలంల కోట్లు పెడ్తుండె."

నేనూ అదే అనుకుంటూ దిగాను.

మైదానం నది పక్కనే, పాతది. వినయ్ బెంచీ చివర కూర్చున్నాడు. కాళ్ళ దగ్గర సంచిలో నాలుగు రకాల గ్లవ్స్, ఒక్కో చోటికి ఒక్కోటి. ఒంటిగంటకు మొదలైన ఆటలో మూడున్నర దాకా దేన్నీ బయటికి తీయలేదు. మావాళ్ళు పదకొండు పరుగులు వెనకబడ్డారు. అప్పుడు మేనేజర్ వాడి భుజం తట్టి, చేతికి బంతిచ్చి, వేయమని మధ్యలోకి పంపాడు. క్రికెట్లో చివరి ఓవర్ ఎవరికిస్తారు? నమ్మకమున్నవాడికి. లేచి నిలబడి చప్పట్లు కొట్టాను, ఈల కూడా వేశాను.

పక్కన డోరతీ అనే పెద్దావిడ, ఏళ్ళ తరబడి ఇక్కడికి వస్తోందట, నా చొక్కా పట్టుకుని లాగింది.

"మీవాడా? కూర్చోండి. ఈ ఆటలో పదకొండంటే ఇక అందదు, వదిలేసుకున్నారు. అసలు బౌలర్ల చేతులు రేపటికి కావాలిగా, అందుకని అవసరం లేని చేత్తో వేయిస్తున్నారు."

కూర్చున్నాను. మనం కారు వెనక పెట్టుకునే స్టెప్నీ ఉంది చూశారూ, ఆ మాట వేల్స్‌లో ఒక వీధి పేరట. ఎప్పుడో చదివాను. ఆ సమయంలో అది ఎందుకు గుర్తొచ్చిందో చెప్పక్కర్లేదు. వినయ్ చంటిపిల్లలకు వేసినట్టు వేశాడు. రెండు బంతులు కంచె దాటాయి. జనం నవ్వారు. అది చెడ్డ నవ్వు కూడా కాదు, తిట్టుకోవడానికి.

ఆట అయ్యాక పార్కింగ్‌లో అరగంట నిలబడ్డాను. వాడు సొంత టీషర్టులో వచ్చాడు, జెర్సీ క్లబ్బుదట.

"రిలీజ్ చేశారు."

"అంత మెల్లగా ఎందుకు వేశావురా?"

"గట్టిగా వేయొద్దన్నారు. ఇంజురీ అయితే ప్రాబ్లమ్ అని."

"ఎలాగూ తీసేసేవాళ్ళ మాట వినడమేంటి?"

"అప్పటికి నాకు చెప్పలేదు కదా, పెదనాన్నా."

అన్ని పనులూ వచ్చినవాడికి ఎక్కడైనా చోటుంటుందని నేను చాలామందికి చెప్పాను, వాడికి కూడా. ఇంకొకడికి దెబ్బ తగిలితేనే పని దొరికే ఉద్యోగంలో, ఆ బెంచీ మీద కూర్చుని వాడు రోజూ ఏం కోరుకునేవాడో అడగలేదు. వెళ్ళేవాళ్ళకు ఒక్క సలహా: ఈ ఆట ఎప్పుడు ముగుస్తుందో ఎవరూ చెప్పలేరు, తిరుగు టికెట్ చివరి బస్సుకే కొనండి. నా బస్సు అప్పటికే వెళ్ళిపోయింది. వినయ్ కారెక్కాను.

అమెరికా నంబరు ప్లేటున్న కారొకటి మా పక్కన ఆగింది. కుర్రాడొకడు అద్దం దించి, ప్లేయర్లు ఎటునుంచి వెళ్ళాలని అడిగాడు. క్యాంటీన్ వెనక తలుపు, పట్టేస్తుంది, గట్టిగా నెట్టు అని వినయ్ చెప్పాడు. కుర్రాడు థాంక్స్ చెప్పి, మేం కారు తీశాక తన కారు ఆ చోట్లో పెట్టుకున్నాడు.