త్రినాధరావు గారి రెండు వేల చుక్కలు

త్రినాధరావు గారికి ఏ పనీ ఒక్కొక్కటిగా చేయడం చేతకాదు. ఎన్ని ఉంటే అన్నీ ఒకేసారి తేల్చెయ్యాలి. అనకాపల్లిలో మా ల్యాబుకి ఆయనే పెద్ద. నాలుగేళ్ళు ఆయన కింద పనిచేసీ మతి పోగొట్టుకోనిదాన్ని నేనొక్కర్తినే.

ఓసారి కిలో బెల్లం కోసం వెళ్ళి, పేపరు పరిచి, గళ్ళు గీసి, నలభై దిమ్మల నుంచి నలభై ముక్కలు పెట్టించారు.

"సారూ, బెల్లం కొంతారా, నాకి పరీచ్చ పెడతన్నారా?" అన్నాడు కొట్టు పైడిరాజు.

"రెండూ ఒకేసారి!"

కూతురు ధనశ్రీ పెళ్ళిచూపులకి పదకొండు మంది అబ్బాయిల్ని ఒకే ఆదివారం పిలిచి, మూడు వరసల్లో కూర్చోబెట్టారు.

"నాన్నా, ఆన్సరు షీట్లు కూడా పంచుతావేటి?" అంది ఆ పిల్ల వెటకారంగా.

ఆయన మొహం వెలిగిపోయింది. నిజంగానే ప్రింటు తీయించారు.

ల్యాబులో ఈ పిచ్చికే జీతం. రక్తంలో కాపలా కాసే యాంటీబాడీ, తనకి పడని ప్రోటీన్‌ని ఎక్కడ పడితే అక్కడ పట్టుకోదు, దానికో చోటుంటుంది. ఆ చోటు వెతకడమే మా పని. ప్రోటీన్‌ని చిన్న చిన్న ముక్కలుగా తయారుచేసి, గాజుపలక మీద వేల చుక్కలుగా పెట్టి, పైన రక్తపు సీరం పోస్తాం. యాంటీబాడీ పట్టుకున్న చుక్క, రంగు వేయగానే మెరుస్తుంది.

బజార్లో చేపలమ్మే కొర్లమ్మ ఒకరోజు రొయ్యలూ పీతలూ చేపలూ కలిపి వండిన పులుసు తింది. పావుగంటలో మొహం బూరెలా పొంగి, ఊపిరాడక ఆసుపత్రిలో పడింది. ఏది పడలేదో తేలేదాకా చేపల గంప ముట్టుకోవద్దన్నారు డాక్టరుగారు. తేల్చడానికి మా సాయం అడిగారు. కొర్లమ్మ ఒకటే షరతు పెట్టింది:

"సూది ఒక్కపాలే బాబూ. రెండోపాలి వత్తే నాను పారిపోతాను."

త్రినాధరావు గారు రొయ్య, పీత, చేప ప్రోటీన్లు మూడూ కలిపి రెండు వేల చుక్కలు పెట్టమన్నారు. మూడు వారాల పని! నాకు ఏడుపొచ్చింది.

"ముందు రొయ్య చూద్దాం సార్. అది కాకపోతే అప్పుడు చేప చూద్దాం."

"అప్పుడు మళ్ళీ రక్తం కావాలి కదమ్మా దివ్యా? ఒక్క రక్తపు చుక్కనే రెండు వేల ప్రశ్నలూ అడిగేద్దాం. కష్టపడితే మనం పడదాం, ఆవిణ్ణి ఎందుకు పొడిపించడం?"

మూడు వారాలూ కూర్చుని చుక్కలు పెట్టాను.

రక్తం తీసే రోజు ధైర్యం చెప్పడానికి ఆయనే వెళ్ళి కొర్లమ్మ చెయ్యి పట్టుకున్నారు. నర్సు సూది పైకెత్తగానే ఆయన కళ్ళు మూసేసుకున్నారు.

"బాబూ, అయిపోనాది. కళ్ళు తెరండి," అంది కొర్లమ్మ జాలిగా. "నా సెయ్యి వదలండి, నొప్పెడతన్నాది."

పలక మీద రొయ్య చుక్కలూ పీత చుక్కలూ దీపావళిలా వెలిగాయి. చేపల వైపు అమావాస్య! డాక్టరుగారు దగ్గరుండి చేప కొద్దికొద్దిగా తినిపించి చూసి, నిక్షేపంగా అమ్ముకోమన్నారు.

ఆ ఆదివారం కొర్లమ్మ గంప చుట్టూ జనం. "రొయ్యలు లేవా?" అని అడిగారెవరో.

"ఆటికీ నాకూ మాటల్లేవు!" అంది కొర్లమ్మ. "వంజరం సేప పట్టుకెల్లండి!"