కువైట్ తిండి, కొండాపురం కప్పు

అప్పట్లో మా ఇంట్లో దుడ్లను రూపాయల్లో లెక్కపెట్టేవాళ్ళం కాదు, సిమెంటు బస్తాల్లో లెక్కపెట్టేవాళ్ళం. కోడికూర తింటే బస్తా కరిగిపోయినట్టు. ఎవరి పెండ్లికన్నా పోయి చదివింపులు చదివిస్తే రెండు బస్తాలు వానకు తడిసిపోయినట్టు. మా ఊరు రిజర్వాయరు నీళ్ళ కిందికి పోయినాక కొండాపురం పక్క కాలనీలో స్థలం ఇచ్చినారు. వచ్చిన పరిహారంతో గోడలు లేపినాం. తలుపులు పెట్టినాం, కిటికీలు పెట్టినాం, ఇంక పైకి చూసేసరికి దుడ్లు లేవు. మూడు గదుల ఇల్లు, మూడింటికీ ఆకాశమే మిద్దె. మేము పక్కన రేకుల కొట్టంలో ఉండేవాళ్ళం. వానొస్తే కొట్టంలో కూర్చోని మా ఇల్లు తడిసేది చూసేవాళ్ళం.

నేను ఏడో తరగతిలో బడి ఇడిసిపెట్టినా. బడి గూడా నన్ను ఎనక్కి పిలవలేదు, ఇద్దరికీ మంచిదే అయింది. జమ్మలమడుగు దోవలో నాపరాళ్ళ పాలిషు కాడ పనికి పోయి, రాయి కోసేది, పరిచేది నేర్చుకున్నా. కువైట్‌లో రాళ్ళు పరిచేవాళ్ళు కావాలంట అని ప్రొద్దుటూరులో ఒక ఏజెంటు చెప్పినాడు. రెండేండ్ల ఒప్పందం. ఎవరి ఇండ్లకో నేల పరిచి నా ఇంటికి కప్పు తెచ్చుకోవాల. ఎట్లన్నా ఒప్పందం ముగిసే లోపల, రెండో వానకాలం గోడల మీద పడకముందే మిద్దె పోయించాల. గోడలు అప్పటికే పైవరుసల్లో పెళ్ళలు రాలతా ఉన్నాయి.

కువైట్‌లో నా ఖర్చు ఎంతవుతాదో లెక్క వేసింది నా భార్య. ఆమె పది పాసయింది, మా ఇంట్లో ఆర్థికమంత్రి ఆమే. పొయ్యిలో బొగ్గు తీసుకొని, కప్పు లేని నడింటి గోడ మీద రాసింది. గది. తిండి. ఫోను. సబ్బులు.

"జుట్టు కత్తిరించుకునేది రాయలేదు" అన్నా.

"గుండు కొట్టిచ్చుకొని పో. రెండేండ్లు వస్తాది."

"బట్టలు?"

"రాళ్ళు పరిచేవానికి పెండ్లిబట్టలు ఏంటికి?"

తిండి కాడ ఆగింది. అదే పెద్ద ఖర్చు. మెస్సులో కలిస్తే నెలకు ఇన్ని దినార్లు అని ఏజెంటు చెప్పినాడు. దినారంటే బస్తా సిమెంటుకు కొంచెం తక్కువ. అంటే నేను నెలనెలా మా ఇంటి కప్పును నమిలి మింగుతానన్నమాట. ఆమె శానాసేపు గోడను చూసి, "విమానంలో ముప్పై కిలోలు తీసుకపోవచ్చు అంటివి గదా" అనింది. "రాగిపిండి, శెనక్కాయల పొడి, ఎర్రకారం, చింతపండు. పొదుపుగా తింటే నాలుగు నెల్లు వస్తాది." తిండి ఎదురుగా మొదటి నెలలకు సున్నా పెట్టింది. సున్నాను శానా గుండ్రంగా పెట్టింది.

తూకానికి బ్యాగును కోళ్ళ అంగడికి మోసుకపోయినాం. కాలనీలో పెద్ద కాటా ఆడనే ఉండేది. అంగడాయన బ్యాగును కాటా మీద పెట్టి, "మామా, స్కిన్నుతోనా, స్కిన్ లెస్సా?" అని అడిగినాడు. ముప్పైకి అర కిలో తక్కువ తూగింది. నా భార్య సంతోషపడి, ఇంటికొచ్చి ఆ అర కిలోకు గూడా చింతపండు కుక్కింది.

మా పక్కన కువైట్‌కు పోయేవాని బ్యాగు వాని ఒక్కనిదే కాదు. ఆ సంగతి మాకు తెలుసు. తెలిసీ లెక్కలో ఎందుకు రాయలేదో నాకు ఇప్పటికీ తెల్లేదు. కప్పు మీద అంత ఆశ ఉన్నింది. ప్రయాణం రేపనగా పులివెందుల నుంచి ఒకామె ముద్దనూరులో బస్సు మారి మా కాలనీకి వచ్చింది. వాళ్ళాయనను పంపింది గూడా మా ఏజెంటే, అట్ల తెలుసుకొని వచ్చింది. ఆయప్ప ఆడ నీళ్ళ ట్యాంకరు తోలతాడంట.

"అన్నా, ఇది మా ఇంటాయనకు ఇస్తావా" అని గుడ్డమూట ముందర పెట్టింది. లోపల జొన్నరొట్టెలు ఎండబెట్టినవి, ఉలవలు, మూత బిగించిన ప్లాస్టిక్ డబ్బాలో కారం. "ఆడ తిండి పడతాండ్లేదంట. సగం మనిషైనాడు."

నేను నా భార్య మొహం చూసినా. ఆమె నా మొహం చూడలేదు. బ్యాగు జిప్పు తీసి, రాగిపిండి సంచి బయటికి తీసి, ఆ మూట ఆడ పెట్టింది. అన్నం తినిపో అంటే, బస్సు పోతాదని ఆయమ్మ నీళ్ళు మాత్రం తాగి లేచింది. ఆమె వచ్చిపోయిందని తెలిసి వీధిలోవాళ్ళు గూడా వచ్చినారు. ఒకరు మాత్రలు, ఒకరు నిమ్మకాయ ఊరగాయ, ఒకరు కొడుక్కి చొక్కాలు. కడాకు నా బ్యాగులో నాది ఎర్రకారం ఒకటే మిగిలింది, నా బట్టలు గాక. నా భార్య గోడ కాడికి పోయి సున్నాను అరచేత్తో తుడిచి, మెస్సు దుడ్లు రాసింది. అరచెయ్యి నల్లగా అయింది. దాన్ని కొంగుకు తుడుచుకోని, "పోనీలే" అనింది.

కువైట్‌లో మా గదిలో మంచం మీద మంచం. నాది పై మంచం, మా ఊర్లో లేని మిద్దె నాకు ఈడ దొరికిందని కింది మంచం ఆయనతో చెప్పినా. ఆయన ప్రొద్దుటూరు సాయిబు, దర్జీ పని, వయసులో పెద్దోడు. మెస్సు లెక్క చూసేది ఆయనే. అందరూ మామా అని పిలిచేవాళ్ళు. మొదటి జీతం రాంగనే నన్ను కూర్చోబెట్టి వేళ్ళు మడిచినాడు.

"మంచం, మెస్సు, ఫోను. ఆ తర్వాత చందా."

"చందానా? ఏం మామా, ఈడ గూడా వినాయకున్ని పెడతాండారా?"

"కాదప్పా. మనోడు ఎవడన్నా పోతే ఇంటికి పంపియ్యాల గదా."

"టికెట్టు కంపెనీ ఇస్తాది గదా."

"బతికుంటే ఇస్తాది. పోయినోనికైతే కాగితాలకు తిరగాల, పెట్టె చేయించాల. కొన్ని కంపెనీలు ఇస్తాయి, కొన్ని ఇయ్యవు. ఇచ్చేదాకా వాణ్ని చల్లపెట్టెలో పెట్టుకోని ఉండలేం గదా."

"నేను పోను మామా. మా ఇంటిదాని లెక్కలో చావుకు దుడ్లు రాయలేదు. పోతే నన్ను సంపుతాది."

గదంతా నవ్వినారు. మామ గూడా నవ్వినాడు. చందాకని మడిచిన వేలు తెరిచి వదిలేసినాడు.

మొదటి శుక్రవారం ట్యాంకరు తోలే పులివెందులాయన మూట కోసం వచ్చినాడు. ఎత్తు మనిషి, చొక్కా మాత్రం వేరేవాళ్ళది తొడుక్కున్నట్టు వదులుగా ఉన్నింది. మూట ముడి విప్పలేదు, ముందు వాసన చూసినాడు. తర్వాత విప్పి, రొట్టెలు మా గదిలో అందరికీ ముక్కలు పంచినాడు. నేను వద్దంటే, "తినన్నా. నీ తిండి దించి నా తిండి ఎక్కించినారంట గదా, మా ఇంటామె ఫోను చేసి చెప్పింది. రాగిపిండి సంచి తీసేటప్పుడు చూసిందంట" అన్నాడు.

ఆ పొద్దు నుంచి ప్రతి శుక్రవారం వచ్చేవాడు. ఉత్త చేతుల్తో రాడు. మార్కెట్టు కాడ నీళ్ళు దించేటప్పుడు అంగళ్ళవాళ్ళు ఇచ్చిన టమాటాలో, క్యాబేజీ కోసుగడ్డో తెచ్చేవాడు. ఇద్దరం వండుకొని, మెస్సు మానేసి ఆ పూట దుడ్లు మిగిలించుకునేవాళ్ళం. నా భార్యకు ఫోనులో చెప్తే, గోడ మీద మళ్ళీ మార్చి రాసుకున్నా అనింది.

ఆయనకు చీనీతోట, అదే బత్తాయితోట, ఉంది. బోరు ఎండిపోయి చెట్లు వడబడితే, కొత్త బోరు వేయిద్దామని వచ్చినాడు. ఆయన దుడ్లను అడుగుల్లో లెక్కపెట్టేవాడు. ఈ నెల ఇంత పంపినా, ఇంకో నలభై అడుగులు దిగినట్టే అనేవాడు. ఒకరోజు టమాటాలు కోస్తా కోస్తా అన్నాడు: "సూడన్నా, నువ్వు పైకి కడతాండావు, నేను కిందికి తవ్వుతాండా. ఇద్దరం ఒకే దేశానికి ఎట్ల వచ్చినాం?"

"నడిమధ్య కలుద్దామని" అన్నా. శానాసేపు నవ్వినాడు.

రెండో ఎండాకాలంలో ఆయప్ప పొద్దున మంచం మీద నుంచి లేవలేదు. ట్యాంకరు తాళంచెవి కోసం వచ్చినవాళ్ళు లేపి చూసినారు. గుండె అన్నారు. అంతకంటే మాకు ఎవరూ చెప్పలేదు, మేమూ అడగలేదు. ఆయన్ను పెట్టుకున్న కంపెనీ చిన్నది, కాగితాలు కావాల, టైము పడతాది అనేసింది.

సాయంత్రం పని దిగి వచ్చినాక మామ భుజం మీది తువ్వాలు తీసి, రెండు చేతుల మీద పరుచుకొని మంచం మంచానికీ తిరిగినాడు. ఎవరి కాడా ఎంత అని అడగడు. నిలబడతాడు, వాళ్ళు వేస్తారు, ముందుకు పోతాడు. నా కాడికి వచ్చేసరికి గదిలో అందరూ నా పక్క చూసినారు. నేను ఏదో ఒకటి అంటానని వాళ్ళకు అలవాటు. "కొంచెం నిలబడు మామా" అని ఫోను తీసుకొని మెట్ల మీదికి పోయినా.

అప్పటికి మిద్దె ఇనుప కమ్మీలకు దుడ్లు చేరినాయి. ఆ నెల జీతం కలిపి పంపితే మేస్త్రి వచ్చే వారమే పని మొదలుపెడతానన్నాడు. నా భార్య సెంట్రింగు చెక్కలాయనకు గూడా చెప్పిపెట్టింది. ఇవన్నీ నాకు తెలుసు, అయినా ఆమెకు మళ్ళీ చెప్పినా. కొట్టం రేకు గాలికి కొట్టుకునేది ఫోనులో వినపడతా ఉన్నింది.

"ఆయమ్మ మనింట్లో అన్నం గూడా తిన్లేదు ఆ పొద్దు" అనింది. "బస్సు పోతాదని."

"ఊఁ."

"ఇచ్చెయ్. ఎంత అని నన్ను అడగొద్దు. అడిగితే తక్కువ చెప్తా."

లోపలికి పోయి, జీతం కవరు విప్పకుండా తువ్వాలులో వేసినా. మామ కవరు వంక చూసి, నా మొహం చూసి, అందులో నుంచి మెస్సు దుడ్లు లెక్కపెట్టి తీసి నా మంచం మీద పెట్టినాడు. "నువ్వు గూడా బతకాల గదప్పా" అన్నాడు. ఆ తువ్వాలు ఇంకోసారి గూడా తిరిగింది. ఆ తర్వాతనే పెట్టె పులివెందులకు పోయింది. ఆ ఏడు మా పక్క వాన గట్టిగా పడింది. నడింటి గోడ పైవరుసలు రెండు కూలిపోయినాయని, బొగ్గు రాతంతా కడుక్కుపోయిందని నా భార్య చెప్పింది. చెప్పి, "అన్నం తిన్నావా" అని అడిగింది.

ఒప్పందం ముగిసి బయల్దేరేటప్పుడు నా బ్యాగులో ఇంటికని కొన్న కరెంటు వైర్లు, స్విచ్చులు, ఒక చిన్న ఫ్యాను పెట్టుకున్నా. మామ తన మంచం కింద నుంచి ఒక సంచి బయటికి లాగినాడు. పులివెందులాయన సామాన్లు. శవంతో పోలేదు, మామ దాచిపెట్టినాడు. రెండు చొక్కాలు, తోటకు పోయేటప్పటికని కొన్న పెద్ద టార్చిలైటు, కారం వచ్చిన ఆ ప్లాస్టిక్ డబ్బా, కడిగి ఆరబెట్టినది. కొక్కెం కాటాకు తగిలిస్తే బరువు మించింది.

"వేరేవాళ్ళు పోతే పంపిస్తాలే" అన్నాడు మామ.

"ఆయమ్మ మూట తెచ్చింది నేను గదా మామా. తిరిగి ఇచ్చేది గూడా నేనే." ఫ్యాను తీసి ఆయన మంచం మీద పెట్టినా. "ఇది నీకు. మా ఇంటికి ఏంటికి, మాకు పైనంతా గాలే."

అప్పుడు నవ్వినాడు మామ, శానా దినాలకు. ఎవరి గిన్నె అయినా ఉత్తగా తిరిగి ఇయ్యకూడదని డబ్బా నిండా ఖర్జూరాలు పోసి మూత బిగించినాడు.

ఊరికొచ్చినాక నేను, నా భార్య పులివెందులకు పోయినాం. ఇంటి ముందర బోరు పైపులు వరుసగా పడి ఉన్నాయి, ఎండకు రంగు పోయి. ఆయమ్మ టార్చిని ఒకసారి వెలిగించి ఆర్పింది. డబ్బా మూత తీసి ఖర్జూరాలు చూసి, మళ్ళీ బిగించింది. మాకు అన్నం పెట్టింది. ఈసారి బస్సు పోతాదని ఎవరూ అనలేదు.

"మిద్దె పడిందా అన్నా?"

"పడతాదమ్మా. నిదానంగా. పడిపోయే రకం మాత్రం కాదు."

కొంచెం నవ్వింది. గడప దాటేటప్పుడు, "ఇంక మీ బ్యాగుల్లో బరువు పెట్టే పని లేదులే నాకు" అనింది. నా భార్య ఆమె చెయ్యి పట్టుకొని శానాసేపు ఇడిసిపెట్టలేదు.

ఉన్న దుడ్లకు వంటింటికి, పక్క గదికి మిద్దె పోయించినాం. నడిల్లు అట్లనే ఉండిపోయింది. ఆ పక్కకు కమ్మీలు కొసలు బయటికి వదిలిపెట్టినాడు మేస్త్రి, మళ్ళీ ఎప్పుడన్నా కలుపుకోవచ్చని. దానికోసమే నేను రెండోసారి పోవాల్సొచ్చింది. ఈసారి నా భార్య మిద్దె పడిన గదిలో గోడ మీద రాసింది, తడవకుండా. గది, తిండి, ఫోను అని నేను చెప్పబోతే ఆపి, అన్నిటికంటే పైన చందా అని రాసింది.

"ఎంత?" అన్నా.

"ముందు పేరు ఉండనీ" అనింది.

బ్యాగును కోళ్ళ అంగడికి తీసుకపోయినాం. అంగడాయన తూకం చూసి, "ఏం మామా, ఈసారి కోడి బక్కగా ఉంది?" అన్నాడు. రాగిపిండి, పొడి, కారం కలిపి ఇరవై కిలోల లోపలే నా భార్య ఆపేసింది. ఇంటికొచ్చి, కాలనీ రోడ్డు కనపడేటట్టు బ్యాగును వాకిట్లో పెట్టింది. ఎవరు ఏ మూటతో వస్తారో తెల్లేదు. చీకటి పడేదాకా జిప్పు వేయనియ్యలేదు.