నర్సక్క దాటిన రోడ్డు

నిన్న సాయంత్రం నిజామాబాద్‌లో షాపులో ఉండగా తమ్ముడు ఫోన్ చేశాడు.

"అన్నా, నర్సక్క పోయింది. రోడ్డు దాటుతుంటే చెరుకు ట్రాక్టర్ గుద్దింది."

వెంటనే షాపు మూసి బయల్దేరాను.

ఎటు నుంచి ఎటు దాటుతోందని నేను అడగలేదు. అడగాల్సిన పనే లేదు. బోధన్‌లో మా ఇంటి నల్లా దగ్గర నుంచి ఆమె ఇంటికి. చేతిలో బిందె.

అందరూ యాక్సిడెంట్ అంటున్నారు. నేను మాత్రం అనను.

తెలియని వాళ్ల కోసం చెబుతున్నా. నర్సక్కది మా ఎదురిల్లు. బీడీలు చేసి ఇద్దరు పిల్లల్ని చదివించింది. నోరు గట్టిది. మా అవ్వకు జ్వరమొస్తే జావ కాచి తెచ్చి, తాగేదాకా తిట్టేది.

ఒకప్పుడు ఆమె ఇంట్లోనూ నల్లా ఉండేది. మున్సిపల్ నీళ్లు ఆమె ఇంటి వెనక కాలువ దాకా వచ్చేవి.

తర్వాత ఎవరో ఆఫీసులో కూర్చుని మున్సిపాలిటీ హద్దును కాలువ నుంచి రోడ్డుకు మార్చారు. కాలువ వంకరగా ఉందట. రోడ్డయితే మ్యాపులో స్ట్రెయిట్‌గా ఉంటుందట!

మా వైపు లోపల. ఆమె వైపు బయట. నల్లా గోడకే ఉంది, నీళ్లు బంద్. వాళ్లకు మిగిలింది ఉప్పునీళ్ల బోరు. ఆ నీళ్లతో పప్పు కూడా ఉడకదు.

వాడంతా లొల్లి చేస్తే ఒక సారు సర్వేకి వచ్చాడు. హద్దు మారితే జనం మీద ఎఫెక్ట్ ఏంటో చూడాలట. మార్చేశాక!

వచ్చి నర్సక్క వాకిట్లో మంచం మీద కూర్చుని మంచినీళ్లు అడిగాడు.

"ఇంట్ల లేవు సార్. ఉంటే మీరెందుకొస్తురు? కూసోండ్రి, తెస్త."

బిందె తీసుకుని రోడ్డు దాకా వచ్చింది. ఫ్యాక్టరీ సీజన్. ఒక చెరుకు ట్రాక్టర్ పోతే ఇంకొకటి. ఎవడూ ఆపడు. ఆమె రోడ్డు పక్కన నిలబడింది. సారు ఎండలో గొంతు తడారి కూర్చున్నాడు. ఇటు వైపు నుంచి చూస్తూ మేమంతా ఒకటే నవ్వు.

చివరికి తెచ్చి గ్లాసు చేతికిచ్చింది.

"గిదే సార్ ఎఫెక్ట్. రాసుకోండ్రి."

సారు కూడా నవ్వాడు. ఇంకో గ్లాసు అడిగి తాగాడు.

రిపోర్ట్‌లో ఏం రాశాడో తెలుసా? రోడ్డు దాటితే నీళ్లు దొరుకుతున్నాయి కాబట్టి పెద్దగా ఎఫెక్ట్ లేదట. మా వార్డు మీటింగ్‌లో చదివి వినిపించారు, సిగ్గూశరం లేకుండా.

మా అవ్వ ఊరుకుంటుందా? రోడ్డు కింద తూములోంచి పైపు వేయించి, మా నల్లా నీళ్లు నర్సక్క తొట్టిలోకి వదిలింది. కొన్నాళ్లు బాగానే నడిచింది. తర్వాత మున్సిపాలిటీ వాళ్లు వచ్చి ఆ పైపు కోసేశారు. హద్దు దాటి నీళ్లివ్వడం రూల్స్‌కి విరుద్ధమట. ఇంకోసారి ఇస్తే మా నల్లా కూడా కట్ చేస్తామన్నారు.

పైపు దాటితే తప్పు. ఒక కన్ను సరిగా కనపడని ముసలామె బిందెతో దాటితే మాత్రం ఏ తప్పూ లేదు!

మేం తెచ్చి పెడతామంటే వినేది కాదు.

"మీరెన్నొద్దులు తెస్తర్రా? నా నల్లా నాకియ్యాలె వాళ్లు."

ట్రాక్టర్ డ్రైవర్‌ని స్టేషన్‌లో కూర్చోబెట్టారు. పాపం, చిన్న పిల్లగాడు, ఏడుస్తున్నాడు. మరి ఆ లైన్ గీసినవాళ్లు? ఎఫెక్ట్ లేదని రాసినవాడు? వాళ్లని ఎవరు కూర్చోబెట్టాలి?

ఇవాళ ఆమె ఆఖరి స్నానానికి కూడా నీళ్లు మా నల్లావే. వాడంతా బిందెలు పట్టుకుని రోడ్డు దాటాం.

ట్రాక్టర్లు ఆగాయి. డ్రైవర్లు దిగి తలగుడ్డలు తీసి నిలబడ్డారు. పాడె వెళ్లేదాకా ఒక్క హారన్ లేదు.

ఇన్నేళ్లలో ఆ రోడ్డు నర్సక్క కోసం ఆగింది ఇవాళే.

నర్సక్కా, పోయి రా. ఆడ నీ వాకిట్లనే నల్లా ఉండాలె. ఇగ నిమ్మళంగ ఉండు.