రోజుల మాస్టారి కొత్త మార్పు

సరిహద్దు కౌంటరు దగ్గర అధికారితో వాదించి గెలిచినవాణ్ణి నాటక కంపెనీ దుస్తులు చూసే కుట్టు పెద్దమ్మ తన జన్మలో ఒక్కణ్ణే చూసింది. పొరుగు దేశానికి ఆటలకెళ్ళే ఆ కంపెనీలోనే లైట్లు వేసే రోజుల మాస్టారు. ఆయనకున్నది ఒకటే పిచ్చి, రోజులు లెక్కపెట్టడం.

ఆ పూట అధికారి కంపెనీ డ్రమ్ములాయన పాస్‌పోర్టు తిరగేసి, "నూట ఎనభై రోజుల్లో ఉండనిచ్చే తొంభై రోజులూ వాడేశావు, వెనక్కి పో" అన్నాడు.

మాస్టారు ముందుకొచ్చాడు. "ఇతను మొదటిసారి వచ్చిన రోజు నుంచి లెక్కేశారండీ మీరు. ఇవాళ్టి నుంచి వెనక్కి నూట ఎనభై చూడాలి. అంతకు ముందువి జారిపోతాయి. ఇతనికింకా పదకొండున్నాయి."

"నాకు నేర్పుతావా?"

"ఎంతమాట. కలిసి లెక్కపెడదాం."

గోడ క్యాలెండరు కిందికి దిగింది. అధికారి వేలు వెనక్కి నడిచి నడిచి, చివరికి లోపలికి పంపే ముద్ర దగ్గరికెళ్ళింది. పెద్దమ్మ తెరిచిన నోరు మూయడం మరిచిపోయింది.

ఈ లెక్క కోసమే మాస్టారు ఇంటర్నెట్లో ఓ పేజీ పెట్టాడు. వచ్చిన తేదీ, వెళ్ళిన తేదీ కొడితే ఇంకెన్ని రోజులు ఉండొచ్చో చెబుతుంది. దాన్ని ఊరికే ఉండనిస్తాడా? వారానికో మార్పు. లీపు సంవత్సరానికో మార్పు, తేదీకి ముందు నెల రాసే మహానుభావులకో మార్పు. అన్నీ భోజనాల దగ్గర నిలబడి చదివేవాడు.

"కూర చల్లారిపోతోందయ్యా."

"ఇంకా ఏడు మార్పులే ఉన్నాయి, పెద్దమ్మా."

అంతవరకూ బాగానే ఉంది. కానీ ప్రతి ట్రిప్పులోనూ ఆట ముగియడానికి మూడు రోజుల ముందే ఆవిణ్ణి తిరుగు బస్సెక్కించేవాడు.

"దుస్తులు చిరిగితే మీ లెక్కలు కుడతాయా?"

"పిన్నీసు పెట్టుకుంటాం. మీరెక్కండి."

ముప్ఫై ఏళ్ళు సూది పట్టిన చేతికి పిన్నీసు సాటా? ముసల్దాన్ని వదిలించుకుంటున్నాడని పెద్దమ్మ కారాలూ మిరియాలూ నూరింది.

ఆరో ట్రిప్పు అయ్యాక అవతలి దేశం నుంచి చెల్లెలు ఫోను చేసింది. సోమవారం గుండె ఆపరేషన్, పక్కన కూర్చునే దిక్కు లేదు. పెద్దమ్మ వేళ్ళు మడిచి లెక్కేసుకుంది. ఆర్నెల్లుగా తిరగడమేనాయె, రోజులెక్కడ మిగిలుంటాయి?

మాస్టారు ఫోను చూసి, "పద్దెనిమిదున్నాయి" అన్నాడు.

"ఎక్కణ్ణించి ఊడిపడ్డాయయ్యా?"

"ట్రిప్పుకి మూడు. మీ చెల్లెలు ఆపరేషన్ వరసలో ఉందని మీరే అన్నారుగా."

"ఆ ముక్క అప్పుడే చెప్పి చావొచ్చుగా."

"చెబితే ఇంకా ఉన్నాయిగా అని వాడేసేవారు."

ఇంతమంది రోజులు ఈ మనిషి బుర్రలో ఎక్కడ పడుతున్నాయో అని, ఎవరికీ జవాబు బాకీ పడని పెద్దమ్మ ఆ బట్టతలవైపే చూస్తూ ఉండిపోయింది.

బస్సు దగ్గర మాస్టారు సంచి అందించి, ఫోనులో రికార్డింగు నొక్కి ఆవిడ నోటి ముందు పెట్టాడు.

"ఈ వారం మార్పు మీదే, పెద్దమ్మా. గడువు దగ్గరపడితే పేజీ ఎర్రక్షరాల్లో హెచ్చరిస్తుంది, కానీ చదువు రానివాళ్ళకి అవి చూపించి ఏం లాభం, గొంతుతో చెప్పాలి. నా గొంతు పెట్టి మర్యాదగా చెప్పి చూశాను, ఒక్కడూ కదల్లేదు. గడువు దగ్గరపడ్డవాడు లేచి సామాను సర్దుకునేలా గట్టిగా ఓ తిట్టు తిట్టండి. ఇరవై సెకన్లలో ముగించాలి."