ఏడో నంబరు బస్సు కొండెక్కని రోజు

ఏడో నంబరు బస్సు నడిపిన యూ గుమ్‌దాన్‌కు మంచు అంటే పడదని మా పేటలో అందరికీ తెలుసు. ఆకాశం కాస్త బూడిదరంగుకు తిరిగితే చాలు, ఆమె మాట పొడిబారిపోయేది. బస్సు ఇంకా కదలకముందే అద్దంలోంచి మావైపు చూసి, "పట్టుకోండి, గట్టిగా పట్టుకోండి" అని రెండుసార్లు అనేది. కూర్చున్నవాళ్ళు కూడా ఏదో ఒకటి పట్టుకునేవాళ్ళు.

మా పేట సియోల్ ఉత్తరపు కొసన కొండ మీద ఉంటుంది. కింద మెట్రో స్టేషను, పైన మేము. మధ్యలో తిరిగేది ఆ చిన్న పచ్చ బస్సు ఒక్కటే. తొమ్మిదో స్టాపు ఎదుట నా లాండ్రీ కొట్టు. పొద్దున్నే నేను షట్టరు ఎత్తే వేళకు గుమ్‌దాన్ ఒకసారి హారన్ కొట్టి పోయేది. ఏళ్ళ తరబడి చూశాను కనుక ఆమె సంగతి నేను చెప్పగలను.

ఆమె పుట్టింది గాంగ్వన్ కొండల్లో, బొగ్గుగనుల ఊళ్ళో. అక్కడ చలికాలమంతా నడుములోతు మంచు. ఎరువుల బస్తాలో గడ్డి కుక్కి, దాని మీద కూర్చుని కొండవాలు మీంచి జారడంలో ముగ్గురు అన్నల్నీ ఓడించేదాన్నని ఒకసారి నాతో చెప్పింది. చెప్పి, ఎందుకు చెప్పానా అన్నట్టు ముఖం తిప్పుకుంది. పంతొమ్మిదో ఏట సియోల్ వచ్చి కుట్టు ఫ్యాక్టరీలో చేరింది. కూర్చున్నచోటే కూర్చుని పదహారేళ్ళు కాలర్లు కుట్టాక, ఇంక నావల్ల కాదని పెద్ద బండ్ల లైసెన్సు తీసుకుంది. బస్సు కంపెనీలో అడగబోతే అక్కడి మగవాళ్ళు, "అమ్మా, టికెట్లు కొట్టే ఉద్యోగాలు ఎప్పుడో ఎత్తేశారు" అన్నారట. "టికెట్లకి కాదు, స్టీరింగుకి వచ్చాను" అందట ఈమె. అప్పటికి ముప్పై అయిదేళ్ళు.

బస్సు పట్టిన నాలుగో ఏడు జనవరిలో ఒక ప్రమాదం జరిగింది. నా కొట్టుకు పైనా కిందా దారి నిట్టనిలువుగా ఉంటుంది. దిగేటప్పుడు కొట్టు దాటాక మలుపు, మలుపులో రాతిగోడ, గోడ దాటితే పాతిక అడుగుల లోతు. కొత్తమంచు కింద పాతమంచు గడ్డకట్టి ఉంది. పదకొండు మందితో దిగుతున్న బస్సు జారింది. గుమ్‌దాన్ స్టీరింగును గోడవైపే తిప్పింది. బస్సు పక్క మొత్తం గీసుకుపోయి, ఆగింది. ఎవరి ప్రాణమూ పోలేదు. ఆ పదకొండు మందిలో ఉన్న మా పేట ఒక్‌బున్ అవ్వకు మాత్రం కుడి మణికట్టు విరిగింది. విచారణలో డ్రైవరు తప్పు లేదని తేల్చారు. అయినా పది రోజులపాటు గుమ్‌దాన్ ఎముకల పులుసు కాచుకుని ఆసుపత్రికి మోసింది. అవ్వ తాగింది, మెచ్చుకుంది, ఇంటికొచ్చింది. ఆ తర్వాత మంచు పడ్డప్పుడల్లా బస్సెక్కుతూ, "ఇదిగో డ్రైవరమ్మా, ఇవాళ ఎడమచెయ్యి తీసుకో. కుడిది వంటకి కావాలి" అనేది. బస్సంతా నవ్వేది. గుమ్‌దాన్ నవ్వేది కాదు.

నేను చెప్పబోయేది మూడేళ్ళ కిందటి డిసెంబరు మాట. అప్పటికి ఆమెకు యాభై ఏడు. రాత్రంతా కురిసి, తెల్లారేసరికి మోకాలి కిందిదాకా మంచు పేరుకుంది. సియోల్‌లో అంత మంచు ఎన్నేళ్ళకో గాని పడదు. గుమ్‌దాన్ అయిదింటికే డిపోకు వెళ్ళి చక్రాలకు గొలుసులు బిగించి కూర్చుంది. ఇన్‌ఛార్జి పేంగ్ చేతిలో ఫోనుతో వచ్చాడు.

"అక్కా, ఇవాళ కొండ కింద బడి స్టాపు దాకానే బస్సు. పైకి పంపొద్దని జిల్లా ఆఫీసు వాళ్ళన్నారు. ఈ కిందిచుట్టు మిగతావాళ్ళు చూసుకుంటారు. నువ్వు ఇంటికెళ్ళు."

"గొలుసులు కట్టేశాను."

"విప్పెయ్."

"పైన జనం నిలబడుంటారయ్యా."

"అందరికీ ఫోన్లున్నాయి, మెసేజీలు వెళ్ళాయి. ఇరవై రెండేళ్ళలో ఒక్క మంచురోజు సెలవు తీసుకున్నావా? వెళ్ళు, మంచు చూసి కాస్త సంతోషించు."

"సంతోషించడమా? దీన్ని చూసా?" అంది గుమ్‌దాన్.

ఇంటికి వెళ్ళింది గాని నిలవలేకపోయింది. వాళ్ళాయన మన్‌గి సైన్‌బోర్డులు రాసే మనిషి, మోకాళ్ళు అరిగి పని మానేశాడు. అడుగున వేడినీళ్ళ గొట్టాలతో వెచ్చబడ్డ నేల మీద దుప్పటి కప్పుకుని, కిటికీలోంచి మంచు చూస్తూ కమలాపళ్ళు ఒలుచుకుంటున్నాడు. ఆమె వంటింట్లోకి వెళ్ళి వచ్చింది. బట్టలు మడతపెట్టి, విప్పి, మళ్ళీ మడతపెట్టింది. గడియారం వైపు చూసింది. ఏడూ పది, ఆరో స్టాపులో ఆసుపత్రి నర్సు. ఏడూ ముప్పావు, ఎనిమిదో స్టాపులో కర్ర పట్టుకున్న మాస్టారు.

"కూర్చోవే. నేల కాలుతోందా ఏం?" అన్నాడు మన్‌గి.

"కాలుతోంది."

"కాలాలనే కదా డబ్బు పోసి వెచ్చచేస్తున్నాం. ఇదిగో, ఇది తిను. తియ్యగా ఉంది."

కమలాఫలం చేతిలోకి తీసుకుని, తినకుండా పట్టుకుని నిలబడింది. అప్పుడు గుర్తొచ్చింది, ఆ రోజు గురువారం. ఎనిమిదీ ఇరవైకి ఒక్‌బున్ అవ్వ కళ్ళాసుపత్రికి బయలుదేరే రోజు. ఎనభై నాలుగేళ్ళ మనిషి, మెసేజీలు చదవదు. ఫోను చేస్తే ఎత్తలేదు. మళ్ళీ చేసింది. ఎత్తలేదు.

"ఎక్కడికే?"

"చూసొస్తాను."

"ఏం చూసొస్తావు? బస్సే లేదుగా!"

అప్పటికే ఆమె బూట్లు తొడుక్కుంటోంది.

బస్సు పోయే దారినే, బస్సు ఆగేచోటల్లా ఆగుతూ కొండెక్కింది. కార్లు లేవు. ఊరు చెవుల్లో దూది పెట్టుకున్నట్టుంది. అయిదో స్టాపు బెంచీ మీద ఎవరో బాతు అచ్చున్న ప్లాస్టిక్ పటకారుతో మంచు బాతులు చేసి వరసగా కూర్చోబెట్టారు. పద్నాలుగు ఉన్నాయి. బస్సు కోసం ఎదురు చూస్తున్నట్టే ఉన్నాయి. ఆమె వాటి ముందు కాసేపు నిలబడి, ఎవరైనా చూస్తారేమోనని గబగబా నడిచింది. ఆరో స్టాపులో ఒకాయన నిజంగానే బస్సు కోసం చూస్తున్నాడు.

"బస్సు రాదండీ. బడి దాకానే" అంది.

"ఈ మాత్రం మంచుకేనా? పూర్వం డ్రైవర్లకి గుండెలుండేవి. ఇప్పటివాళ్ళకి జీతాలు కావాలి, పని వద్దు."

యూనిఫాం లేదు కనుక ఆయన గుర్తుపట్టలేదు. గుమ్‌దాన్ మళ్ళీ నడక సాగించింది. కానీ ఆ మాట నమిలినట్టు నమలుతూ మా కొట్టు దాకా వచ్చింది. అది నాకు ముఖం చూడగానే తెలిసింది, మాట తర్వాత తెలిసింది.

ఇక్కడ మా వాలు మీద పెద్ద సందడి. పనులకు పోలేనివాళ్ళంతా బయటికొచ్చారు. బ్యాంకు గుమస్తా టై విప్పకుండానే, బట్టలతొట్టి మూత మీద కూర్చుని జారుతున్నాడు. కిందిసందు మంగలిషాపు అమ్మాయి ఈతచక్రం ఊది తెచ్చుకుంది. పిల్లలు అట్టముక్కల మీద. మలుపు దగ్గర గోడకు ఎవరో పాతపరుపులు ఆనించారు. ఒక్‌బున్ అవ్వ నా కొట్టు చూరు కింద కుర్చీ వేయించుకుని, నా ఇస్త్రీ దుప్పటి కప్పుకుని, బార్లీ టీ తాగుతూ ఒక్కొక్కళ్ళకీ వంకలు పెడుతోంది.

గుమ్‌దాన్ అవ్వను చూసింది. "ఫోనెందుకు ఎత్తవు అవ్వా?"

"ఫోను ఇంట్లో ఉంది, నేనిక్కడున్నాను. ఎలా ఎత్తను?"

"కళ్ళాసుపత్రి?"

"వాళ్ళే రావద్దన్నారు. డాక్టరు కూడా ఎక్కడో జారుతున్నాడేమో!"

ఆ జవాబుకు ఆమె నెమ్మదిస్తుందనుకున్నాను. లేదు. వాలు వైపు చూసింది, మలుపు వైపు చూసింది, తిన్నగా వెళ్ళి, మంచు కరిగించడానికి దారిపక్క పెట్టిన ఉప్పుపెట్టె మూత తీసింది. పారతో ఉప్పు ఎత్తి వాలు మీద చల్లడం మొదలుపెట్టింది. ఒక పార, రెండో పార.

"అయ్యయ్యో డ్రైవరుగారూ! వద్దండీ!" గుమస్తా చేతులు చాచి అడ్డంగా పరిగెత్తుకొచ్చాడు. "ఎన్నాళ్ళకో పడింది, కరిగించేస్తారా?"

"ఇది బస్సు దారి. ఆడుకునే చోటు కాదు."

"బస్సు లేదుగా!"

"రేపుంటుంది."

"రేపు మేమే చల్లుతాం, ఒట్టు!"

ఆమె వినిపించుకోలేదు. మూడో పార ఎత్తింది. తొందరలో ఉప్పు సగం ఆమె బూట్ల మీదే పడుతోంది. అప్పుడు అవ్వ కుర్చీలోంచి గట్టిగా కేకేసింది.

"గుమ్‌దాన్!"

ఇన్నేళ్ళలో అవ్వ ఆమెను పేరు పెట్టి పిలవడం నేను వినడం అదే మొదలు. పార ఆగింది.

"ఇలా రా. ఆ పార ఇస్త్రీ పిల్లకివ్వు." ఇస్త్రీ పిల్ల అంటే నేనే, నాకప్పుడు యాభై ఎనిమిది. "గాంగ్వన్ దానివి కదా నువ్వు. చేతకాని ఈ పట్నంవాళ్ళు జారుతుంటే నా కళ్ళు ఇంకా పాడవుతున్నాయి. ఎలా జారాలో ఒకసారి చూపించు."

"నావల్ల కాదవ్వా. ఆ మలుపు."

"ఆ మలుపు సంగతి నాకు తెలీదనుకున్నావా? విరిగిన చెయ్యి నాది. నీది కాదు."

గుమ్‌దాన్ పార నా చేతికిచ్చింది. నేను కొట్టులోకి వెళ్ళి, పెద్ద రజాయిలు పెట్టే మందపాటి ప్లాస్టిక్ సంచి తెచ్చి, అందులో ఏళ్ళ తరబడి ఎవరూ తీసుకుపోని కోట్లు కుక్కాను. మూతి బిగించి ఆమె చేతికిచ్చాను. ఆమె దాన్ని నొక్కి చూసింది. తిప్పి చూసింది. "ముందువైపు ఇంకొంచెం కుక్కాలి" అంది.

ఇంకొంచెం కుక్కాను.

వాలు పైకి ఎక్కింది. సంచి మీద కూర్చుంది, లేచింది, మళ్ళీ కూర్చుంది. గుమస్తా నెట్టబోతే, "ముట్టుకోకు" అంది. రెండు చేతులతో సంచి మూతి పట్టుకుని, మడమలు ఎత్తి, వదిలేసింది.

ఆమె అంత వేగంగా వస్తుందని మాలో ఎవరూ అనుకోలేదు. "జరగండ్రోయ్!" అని ఆమె వేసిన కేకలాంటిది మేమెన్నడూ వినలేదు, అది బస్సులో మేము వినే గొంతు కాదు. మా ముందునుంచి మంచు చిమ్ముకుంటూ పోయింది. మలుపు దగ్గర ఎడమ మడమ మంచులో గుచ్చి, ఒళ్ళంతా ఒకపక్కకు వాల్చింది. పరుపులకు జానెడు దూరంలో మలుపు తిరిగి కనపడకుండా పోయింది.

ఆ తర్వాత చప్పుడు లేదు. అవ్వ కుర్చీలోంచి లేచి నిలబడింది. "వెళ్ళి చూడవే" అంది నాతో. నేను నాలుగడుగులు వేశానో లేదో, కిందినుంచి గుమ్‌దాన్ వస్తూ కనిపించింది. టోపీ ఎక్కడో పడిపోయింది. కనుబొమల మీద, చెవుల్లో, కాలరులో మంచు. సంచిని ఈడ్చుకుంటూ దాదాపు పరుగున వస్తోంది.

"దెబ్బ తగిలిందా?" అన్నాను.

"తప్పుకో" అని నన్ను దాటుకుని మళ్ళీ పైకి పోయింది.

ఆరుసార్లు జారింది. ఆమెను చూసి మంగలిషాపు అమ్మాయి మడమ గుచ్చడం నేర్చుకుంది. గుమస్తా నేర్చుకోబోయి పరుపుల్లో దూరాడు. ఆరోసారి వచ్చాక గుమ్‌దాన్ అవ్వ కుర్చీ పక్కన, మంచులోనే కూలబడింది. నవ్వుతోందో రొప్పుతోందో చెప్పలేను.

"అవ్వా" అంది. "ఆ రోజు నేను బ్రేకు తొక్కాను. తొక్కకూడదు. చిన్నప్పుడే తెలిసిన సంగతి అది, ఆపాలని చూస్తేనే ఇంకా జారుతుంది. విచారణలో ఎవరూ అడగలేదు. నేనూ చెప్పలేదు."

అవ్వ టీ గ్లాసు కింద పెట్టింది. "ఇన్నేళ్ళూ దీన్నా నములుతున్నావు?"

"ఊఁ."

"పదకొండు మందిమి ఇంటికి చేరాం. తర్వాత ఇద్దరు పోయారు, ముసలితనంతో. అది నీ లెక్కలోకి రాదు." గ్లాసు మళ్ళీ అందుకుని, "పులుసులో మాత్రం ఉప్పెక్కువ. అప్పుడు చెప్పలేదు, పాపమని" అంది.

నాకు నవ్వొచ్చింది. గుమ్‌దాన్ చేతులతో ముఖం కప్పుకుంది. ఆ వెనక ఏముందో చూడలేదు, కొట్టులో ఇస్త్రీపెట్టె వేడెక్కిపోతోందని లోపలికి వెళ్ళాను.

ఆ పూటతో ఆమె స్థిమితపడిందంటే అబద్ధం చెప్పినట్టే. మధ్యాహ్నం మూడింటికల్లా మళ్ళీ ఆకాశం చూడటం, మంచును బూటుతో తవ్వి కింద ఎంత గడ్డకట్టిందో చూడటం మొదలుపెట్టింది. నాలుగింటికి పార తీసుకుంది. ఈసారి ఎవరూ అడ్డుపడలేదు. గుమస్తా చీపురు తెచ్చాడు, నేను కాళ్ళు జారకుండా చల్లడానికి బూడిద తెచ్చాను. చీకటి పడకముందే వాలంతా ఉప్పు పడింది. మర్నాడు పొద్దున ఏడో నంబరు బస్సు గొలుసులు గలగలలాడించుకుంటూ పైకొచ్చింది. "పట్టుకోండి, గట్టిగా పట్టుకోండి" అన్నది రెండుసార్లే. నడుంనొప్పితో సీటు మీద ఒక పక్కకు ఒరిగి కూర్చుని నడిపింది.

ఈ వసంతంలో రిటైరయింది. అక్టోబరులో మా వాలు కింద నగరంవాళ్ళు వేడి తీగలు పరిచారు. ఇకమీద మంచు పడ్డది పడ్డట్టే కరిగిపోతుందట. ప్రారంభం రోజున రిబ్బను కట్టి, పాత డ్రైవరు కదా అని గుమ్‌దాన్‌ను రెండు మాటలు చెప్పమన్నారు. మైకు పట్టుకుని, "మంచి పని చేశారు. చాలా ఆలస్యంగా చేశారు" అని తిరిగి ఇచ్చేసింది. ఆఫీసర్లు చప్పట్లు కొట్టాలో వద్దో తెలియక ఒకళ్ళ ముఖం ఒకళ్ళు చూసుకున్నారు.

జనం వెళ్ళాక ఆమె నా కొట్టు దగ్గరికొచ్చింది. వాలు మీద నల్లగా మెరుస్తున్న కొత్తతారు వైపు చూస్తూ నిలబడింది.

"మంచిదే కదూ?" అంది.

"మంచిదే. ఇక ఎవరి చెయ్యీ విరగదు."

"విరగదు." అటూ ఇటూ చూసి గొంతు తగ్గించి అంది, "గ్రంథాలయం వెనక ఏటవాలు సందు ఒకటుంది చూడు, దాని కింద తీగలు పరచలేదు కదా వీళ్ళు?"

నాకు తెలియదన్నాను. కొత్తతారు మీదుగా అటే నడుచుకుంటూ పోయింది.